ఫ్యాన్సీ స్టోర్ల గిరాకి ఏడికి పోయింది?

బతుకమ్మకు పది దినాల ముందు ఫ్యాన్సీ స్టోర్ల కాలు పెట్ట సందు ఉండేది కాదు. గాజుల డబ్బాలు కౌంటర్ మీద గుట్టలు పోసి ఉంటుండె. సేటు ఒకామె చెయ్యి పట్టుకుంటే ఇంకొకామె "ముందుగాల నాకు జూపియ్యి" అని లొల్లి. ఇప్పుడు గదే పది దినాలల్ల సేటు కుర్సీల కూసోని ఫోన్ చూసుకుంట కనవడుతుండు. నల్లగొండ ప్రకాశం బజార్ దిక్కు పోయినా, పాలమూరు క్లాక్ టవర్ దిక్కు పోయినా, దేవరకొండ, కల్వకుర్తి అసొంటి చిన్న టౌన్లకు పోయినా గిదే కథ. కొన్ని దుకాండ్లు షట్టర్ దించినయి. కొన్ని సగం ఫ్యాన్సీ, సగం సెల్‌ఫోన్ కవర్లు అయినయి.

ఎందుకట్లయింది అని అడిగితే ఎవ్వల నోట విన్నా ఒక్కటే మాట: "ఆన్‌లైన్ తిన్నదమ్మా."

గా మాట సగమే నిజం. నాది దేవరకొండ దిక్కు. అటు పాలమూరు, ఇటు నల్లగొండ, రెండు జిల్లాల బజార్లు తిరిగిన పానం. నేను చెప్పేది ఏందంటే, ఆన్‌లైన్ రాకముందే మా అసొంటి ఆడపిల్లల మనసు ఆ దుకాణం మీదికెల్లి ఇరిగింది. ఇంకో తొవ్వ లేక గన్నే కొన్నం. తొవ్వ దొరికినంక పోయినం. కథ గంతే. గానీ గీ సంగతి తెలుసుకోకపోతే మిగిలిన దుకాండ్లు గూడ నిలవడయి.

పన్ను మీద నెట్టుడు కుదరది

కొందరు జీఎస్టీ వల్ల దెబ్బతిన్నమంటరు. ముందుగాల గా ముచ్చట తెంపుకుందాం. గాజు గాజులు, కుంకుమ, బొట్టుబిళ్లల మీద జీఎస్టీ అసలే లేదు. షాంపూ, తలనూనె, ఒంటి సబ్బు, మొకం పౌడర్ మీద 18 శాతం ఉన్నదాన్ని 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి దించిండ్రు. లిప్‌స్టిక్, గోర్ల రంగు అసొంటియి 18 లనే ఉన్నయి, నిజమే. అయితే గా పన్ను దుకాణానికి ఎంతనో ఆన్‌లైన్ల అమ్మేటోనికి గూడ గంతే. పన్ను ఒక్కటే అయినప్పుడు గిరాకి ఒక్క దిక్కే ఎందుకు పోయిందన్నది అసలు ప్రశ్న.

గప్పుడు దుకాణం అమ్మింది తెలివిని

మా అమ్మల కాలంల ఊళ్లెకు గాజులాయన గంప ఎత్తుకోని వస్తుండె. అరుగు మీద కూసోని, చెయ్యి పట్టి చూసి, ఏ సైజు పడతదో కండ్లతోనే చెప్పేటోడు. తర్వాత టౌన్ల గాజుల దుకాణం వచ్చింది. గదే పెరిగి లేడీస్ ఎంపోరియం, ఫ్యాన్సీ స్టోర్ అయింది. గాజులు, రిబ్బన్లు, సవరాలు, తిలకం, స్నో, రోల్డ్ గోల్డ్ కమ్మలు, పిన్నీసులు, లోపల ఏసుకునే బట్టలు, అన్ని ఒక్క కాన్నే.

టీవీల అడ్వర్టైజ్‌మెంట్ చూసిన సరుకు చేతుల పట్టి చూడాల్నంటే గా దుకాణం తప్ప దిక్కు లేకుండె. 1983ల తమిళనాడు కడలూరుల షురువైన చిక్ షాంపూ చిన్న ప్యాకెట్ల ఊళ్లు తిరిగింది. అర్ధ రూపాయికి షాంపూ అంటే గప్పుడు చిన్న ముచ్చట కాదు. సబ్బుతోని, కుంకుడు కాయతోని తలకు పోసుకునేటోళ్లు దుకాణం తంతెలు ఎక్కిండ్రు. ఏది కొత్తగ వచ్చింది, ఏది పెండ్లిపిల్లకు పెట్టాలె, ఏ రంగు చీరకు ఏ గాజులు, అన్ని సేటే చెప్పేటోడు. మనకు తెల్వది, ఆయనకు తెల్సు. దుకాణం అసలు పెట్టుబడి గదే. సరుకు బేగంబజార్ల ఎవ్వలకైనా దొరుకుతది. తెలివి దొరకది.

ఇంకొక పెట్టుబడి ఉద్దెర. పత్తి పైసలు వచ్చినంక ఇస్తం, ముంబై నుంచి మా ఆయన పంపినంక ఇస్తం అంటే లగ్గం సామాన్ అంత కట్టి ఇచ్చేటోళ్లు. పాలమూరు నుంచి బొంబాయి, పుణె వలస పోయిన ఇండ్లల్ల ఆడోళ్లకు గా ఉద్దెర పుస్తకం ఎంత ఆసరనో బతికినోళ్లకు ఎరుక.

తెలివి ఫోన్లకు మారింది

2016 సెప్టెంబర్ల జియో వచ్చింది. నెట్ అగ్గువ అయింది. టిక్‌టాక్‌ను 2020 జూన్ల బంద్ చేసిండ్రు, గా ఎంటనే జూలైల ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చినయి. గప్పటికి కరోనా, కాలేజీలు బంద్. ఇంట్ల కూసున్న పోరగాండ్లకు, ఆడపిల్లలకు ఫోనే బడి. మొకానికి ఏది ఎందుకు పెడతరు, సన్‌స్క్రీన్ అంటే ఏంది, ఏ క్రీముల ఏం కలుస్తది, తెలుగులనే చెప్పేటోళ్లు వందల మంది వచ్చిండ్రు. వాళ్లు చెప్పేదాంట్ల నిజమెంత, అబద్ధమెంత అన్నది మళ్ల చూద్దాం. గానీ ఇంటర్ చదివే పిల్ల దుకాణానికి పోయి "నియాసినమైడ్ సీరం ఉన్నదా?" అని అడిగిన రోజు కౌంటర్ అవతల ఉన్నాయన తెల్లమొకం ఏసిండు. "గది రాదమ్మా, గిది తీస్కపో, మస్తు నడుస్తున్నది" అని ఇంకోటి చేతుల పెట్టిండు.

గా ఒక్క నిమిషంల తక్కెడ తిరగవడ్డది. ఇప్పుడు పిల్లకు తెల్సు, దుకాణపాయనకు తెల్వది.

మీషో సంగతి చూడుండ్రి. 2015ల బెంగళూరుల షురువైన గా కంపెనీ మొదట్ల పెద్ద పెద్ద గోదాములతోని రాలేదు. ఇంటి కాడ ఉండే ఆడోళ్లతోని వాట్సప్ గ్రూపులల్ల సరుకు అమ్మిచ్చింది. మన అక్కలే, వదినెలే ఫొటోలు పెట్టి నాలుగు పైసలు మిగుల్చుకున్నరు. నైకా 2012ల వచ్చింది, 2021 నవంబర్ల షేర్ మార్కెట్ ఎక్కింది. సరుకు ఇంటికి వచ్చినంకనే పైసలిచ్చుడు, నచ్చకపోతే వాపస్ ఇచ్చుడు అనే రెండు మాటలు ఊళ్లె జనం భయం తీసినయి. మన దుకాణంల ఏం రాసి ఉంటది? "అమ్మిన సరుకు వాపస్ తీసుకోబడదు." గది గోడకు పెద్ద అక్షరాలతోని.

ఫ్రీ బస్సు ఎక్కి కోఠికి

ఆన్‌లైన్ ముచ్చట అందరు చెప్తరు. మన కాడి ఇంకో పెద్ద కారణం గురించి తక్కువ మంది మాట్లాడుతరు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్లకు టికెట్ లేదు. నల్లగొండ నుంచైనా, పాలమూరు నుంచైనా పట్నం వంద కిలోమీటర్ల దూరమే. ఇదివరకు పోను రాను కిరాయి లెక్కేసుకోని, "గా పైసలు పెట్టి పోయేకంటే ఈడనే కొందాం" అని ఆగేటోళ్లు. ఇప్పుడు గా లెక్క లేదు. ఆధార్ కార్డు చూపెట్టి పొద్దుగాల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎంజీబీఎస్‌ల దిగుతరు. గాడికెల్లి కోఠి, సుల్తాన్ బజార్ నడిచి పోయేటంత దూరం. ఇంకొంచెం పోతే చార్మినార్, లాడ్ బజార్. 2024ల హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు గూడ వచ్చింది. నలుగురు కలిసి పోతే గదొక పండుగ.

ఫ్రీ బస్సు మంచిదా చెడ్డదా అన్నది గీడ పంచాది కాదు. నా మాట అడిగితే, ఇంటి గడప దాటనీకి నూరు మందిని అడగవలసిన ఆడోళ్లకు గది పెద్ద బలం. గానీ దానితోని మన టౌన్ దుకాణానికి ఉన్న "దూరం" అనే గోడ కూలింది. బేగంబజార్ల సేటు కొన్న కాడనే మనం గూడ కొనగలిగినప్పుడు, ఆయన ఎక్కువకు అమ్మిన సంగతి ఒక్క ట్రిప్పుల బయటవడ్డది.

ఇంకోటి గూడ ఉన్నది. చదువుకనో, నౌకరికనో దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట హాస్టళ్లల్ల ఉండే పిల్లలు ఊరికి వచ్చేటప్పుడు చెల్లెకు లిప్‌స్టిక్, అమ్మకు గాజులు గాడికెల్లే తెస్తున్నరు. కొనే వయసు పట్నంల ఉన్నది. దుకాణం ఈడ ఉన్నది.

ఫోన్ మొకం చూసి ధర చెప్పది

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్త. గిది అమ్మేటోళ్లు చెప్పరు, కొనేటోళ్లు బయటికి అనరు.

చాన దుకాండ్లల్ల సరుకు మీద ధర ఉండది. గాజులు, కమ్మలు, క్లిప్పులు, ఏదైనా సేటు నోట్లకెల్లి వచ్చిందే రేటు. చీర కట్టు చూసి ఒక రేటు, తండా నుంచి వచ్చినామెను చూసి ఇంకో రేటు. బేరం చేసే నోరు ఉన్నోళ్లకు తక్కువ, సిగ్గుపడేటోళ్లకు ఎక్కువ. నాలుగు డబ్బాలు తీపిచ్చి కొనకపోతే "పొద్దుగాల పొద్దుగాల బోణి బేరం పాడుచేసినవ్" అనే గులుగుడు. చూడనీకి గూడ భయమైతది.

దానికంటే పెద్దది రంగు ముచ్చట. గీ ఎండల పుట్టి, గీ ఎండల పనిచేసే మనం చామనఛాయ, నలుపు. లిప్‌స్టిక్ అడిగితే "నీ రంగుకు గది కొట్టదమ్మా" అని మొకం మీదనే అంటరు. మొకానికి పెట్టే ఫౌండేషన్ అడిగితే రెండే రంగులు: తెలుపు, ఇంకా తెలుపు. అడగకున్నా తెల్లగయ్యే క్రీము చేతుల పెడతరు. 1975 నుంచి మన దేశంల అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీ పేరును సుత 2020 జూలైల గ్లో అండ్ లవ్లీ అని మార్చుకున్నరు. కంపెనీకే సిగ్గనిపించి పేరు తీసేసింది. కౌంటర్ మీద మాట మాత్రం మారలేదు.

ఇగ లోపల ఏసుకునే బట్టల సంగతి. నలుగురు మొగోళ్లు నిలవడ్డ కౌంటర్ల సైజు చెప్పి అడుగుడు ఎంత నరకమో ఆడపిల్లలనే అడుగుండ్రి. ఫోన్ల అయితే ఎవ్వలు చూడరు, ఎవ్వలు నవ్వరు. నీ కులం, నీ రంగు, నీ చెప్పులు ఫోన్‌కు కనవడయి. అందరికీ ఒక్కటే రేటు చూపెడతది. పది రూపాయలు తక్కువని ఫోన్ల కొంటున్నరనుకుంటే పొరపాటు. చాన మంది కొంటున్నది మర్యాదను.

దీనికి సాక్ష్యం గావాల్నంటే జాతరకు పోండ్రి. కురుమూర్తి జాతరలైనా, చెర్వుగట్టు జాతరలైనా గాజుల దుకాండ్ల కాడ ఇప్పటికీ తొక్కుకుంటరు. గాడ గాజులు టౌన్ గాజులకంటే గొప్పయేం కావు. గానీ "ఏదైనా యాభై" అని గొంతు పెట్టి ఒర్లుతరు. రేటు అందరికీ ఇనవడుతది. ఎంతసేపు చూసినా ఎవ్వలు ఏమనరు. అమ్మేటోళ్లల్ల సగం మంది ఆడోళ్లే. అంటే జనానికి దుకాణం మీద యావ తగ్గలేదు. చేతుల పట్టి చూసి కొనుడు మీద మోజు తగ్గలేదు.

బ్రిటన్ల గూడ గిదే కథ

గిది మన ఒక్క కాన్నే జరుగుతున్నది అనుకోకుండ్రి. బ్రిటన్ల ది బాడీ షాప్ అని పెద్ద కంపెనీ ఉన్నది. 1976ల బ్రైటన్ అనే ఊళ్లె అనితా రాడిక్ అనే ఆమె చిన్న దుకాణం పెట్టింది. జంతువుల మీద పరీక్షలు చేసిన సరుకు అమ్మ, సీసా తెచ్చుకుంటే మళ్ల నింపి ఇస్త అనే మాట మీద దుకాణం నిలవడ్డది. దేశదేశాలకు పాకింది. 2006ల లోరియాల్ కొన్నది, 2017ల బ్రెజిల్ కంపెనీ నచురా కొన్నది, 2023 ఆఖరుకు ఇంకొకరి చేతుల పడ్డది. 2024 ఫిబ్రవరిల బ్రిటన్ల కంపెనీ దివాలా దశకు వచ్చి, పదుల కొద్ది దుకాండ్లు మూతవడ్డయి, వందల మంది నౌకర్లు పోయినయి.

ఏమైంది? గామె చెప్పిన కొత్త మాట అందరి మాట అయింది. యూరప్‌ల 2013ల, మన దేశంల 2014ల జంతువుల మీద సౌందర్య సరుకుల పరీక్షలకు అడ్డుకట్ట పడ్డది. "మేం వేరే" అని చెప్పుకున్న ముచ్చట చట్టమే అయినంక, కొత్తగ చెప్పనీకి గా దుకాణం కాడ ఏం మిగల్లేదు. అవ్వే వాసనలు, అవ్వే డబ్బాలు. పిల్లలు వేరే తొవ్వ పట్టిండ్రు.

మన సేటుకు, గా పెద్ద కంపెనీకి ఒక్క పోలిక ఉన్నది. ఇద్దరికీ ఒకప్పుడు జనానికి తెల్వనిది తెల్సు. జనానికి తెల్సినంక ఇద్దరూ కొత్తది నేర్వలేదు.

ఆన్‌లైన్ అంత సొక్కమేం గాదు

గట్లని ఫోన్ను నెత్తిన పెట్టుకుందామా? ఆగుండ్రి.

కేరళ మలప్పురం జిల్లాల 2023ల తెల్లగయ్యే క్రీములు వాడినోళ్లకు కిడ్నీ జబ్బులు వచ్చిన కేసులు బయటవడ్డయి. గా క్రీములల్ల పాదరసం ఉండవట్టే అట్లయిందని డాక్టర్లు తేల్చిండ్రు. డబ్బా మీద కంపెనీ పేరు, తయారైన జాగ సరిగ్గ లేని సరుకు ఫోన్ల గూడ దొరుకుతది, దుకాణంల గూడ దొరుకుతది. స్టెరాయిడ్ కలిసిన క్రీములు డాక్టర్ చీటీ లేకుంట అమ్మొద్దని కేంద్రం 2018లనే కట్టడి చేసింది. అయినా "వారంల తెలుపు" అని రీల్ చూపెట్టి అమ్మేటోళ్లకు కొదువ లేదు. గా రీల్ చేసినామెకు పైసలు ఎవ్వలిచ్చిండ్రో మనకు కనవడది. మొకం మీద పొక్కులు లేస్తే అడగనీకి మనిషి గూడ కనవడడు. దుకాణపాయనైతే మరునాడు పోయి కొట్లాడనీకన్న ఉంటడు.

ఇంకోటి, పైసల లెక్క. మన టౌన్ల నూరు రూపాయల సరుకు కొంటే, దాంట్ల మిగిలిందాంట్ల కొంత షట్టర్ కిరాయికి, కొంత కౌంటర్ మీద పిల్ల జీతానికి, కొంత పక్కన చాయ్ హోటల్‌కు పోతది. గవ్వి మళ్ల గీన్నే తిరుగుతయి. ఆన్‌లైన్ల పెట్టిన నూరుల మన టౌన్ల మిగిలేది డెలివరీ తమ్మునికి వచ్చే నాలుగు పైసలే. గా కౌంటర్ మీద నిలవడే పిల్లలు ఎవ్వలు? ఇంటర్ ఫెయిలైనోళ్లు, డిగ్రీ నడుమ ఆపినోళ్లు, మొగడు ఇడిసిపెడితే తల్లిగారింటికి వచ్చినోళ్లు. వాళ్లకు పట్నం పోయి నౌకరి చేసే తొవ్వ లేదు. దుకాణం మూతవడితే వాళ్లు కూలికి పోవాలె, లేకపోతే ఇంట్ల కూసోవాలె.

గందుకే సేటు నష్టపోయిండని చేతులు దులుపుకునే ముచ్చట కాదిది.

నిలవడాల్నంటే

ఒక్క సంగతి ఆలోచన చేయుండ్రి. ఆన్‌లైన్లనే పుట్టిన నైకా ఇప్పుడు దేశంల రెండు వందలకు పైన దుకాండ్లు పెట్టింది. రిలయన్స్ 2023ల టీరా అని యాప్ తోని పాటు దుకాణం గూడ తెరిచింది. ఎందుకు? లిప్‌స్టిక్ రంగు స్క్రీన్ మీద ఒక తీరు, పెదవి మీద ఒక తీరు కనవడుతది. చేతికి రాసి చూస్తేగాని తెల్వది. గాజు సైజు ఫోన్ల తెల్వది. కోట్ల రూపాయలున్న కంపెనీలు గిప్పుడు నేర్చుకుంటున్న పని మన గాజులాయనకు తాతల నుంచి వచ్చు. దుకాణం కాడ మిగిలిన బలం గదే. దాన్ని పట్టుకోవాలె.

పెద్ద పెట్టుబడేం అవసరం లేదు. ప్రతి సరుకు మీద ధర చీటీ అంటియ్యిండ్రి. గా ఒక్క పనితోని సగం భయం పోతది. రాసి చూసుకోనీకి ప్రతి రంగుది ఒక్కటి బయట పెట్టుండ్రి, పక్కన అద్దం పెట్టుండ్రి. మన చామనఛాయకు సరిపడే రంగులు తెప్పియ్యిండ్రి. గడువు తీరిన డబ్బాలు తీసి పారేయుండ్రి. వాపస్ తీసుకోమన్న బోర్డు దించి, మూడు దినాల గడువు అని రాయుండ్రి. కౌంటర్ మీది పిల్లకు సరుకు గురించి నేర్పియ్యిండ్రి, ఆమె ఫోన్లనే కొత్త సరుకు వీడియోలు తీసి ఊళ్ల గ్రూపులల్ల పెట్టనియ్యిండ్రి. ఆడోళ్ల బట్టల కాడ ఆడోళ్లనే ఉంచుండ్రి. కౌంటర్ మీద కూసునుడు ఆమెకు వచ్చినప్పుడు, దుకాణం నడుపుడు గూడ వస్తది. పొదుపు సంఘాల అప్పుతోని గా దుకాణం ఆమెనే పెట్టినా తప్పేంది?

చెల్లెండ్లకు గూడ ఒక మాట. ఫోన్ల కొన్నా, బజార్ల కొన్నా డబ్బా తిప్పి చూడుండ్రి. తయారుచేసిన కంపెనీ పేరు, అడ్రస్, తారీఖు లేకుంటే ముట్టకుండ్రి. బిల్లు అడుగుండ్రి. మోసపోతే 1915 నంబర్‌కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్ల ఫిర్యాదు పెట్టుండ్రి. సరుకు సరిగ్గుండి, రేటు సరిగ్గుండి, మాట మర్యాదగుంటే మన టౌన్ దుకాణంల కొనుండ్రి. జాలితోని మాత్రం కొనకుండ్రి. జాలితోని ఏ దుకాణం నిలవడది.

మన బజార్లల్ల ఆడోళ్లు ఎవ్వలకు భయపడకుంట నిలవడి, నవ్వుకుంట, గంటసేపు చూసుకునే జాగలు ఎన్ని ఉన్నయి? చాయ్ హోటళ్లు మొగోళ్లయి. పాన్ డబ్బాలు మొగోళ్లయి. గడియారం కాడి గద్దెలు మొగోళ్లయి. ఉన్న ఒక్క గాజుల దుకాణంల గూడ మాకు మర్యాద దొరకలేదు, గందుకే ఫోన్లకు పోయినం. మర్యాద పెడితే ఫోన్ పక్కన పెట్టి, చెయ్యి సాపనీకి మేం తయారు.